పొద్దుండగా చేరండి

ఎండాకాలం వస్తోందంటే చాలు, అమెరికాలో ఉన్న మన పిల్లల దగ్గర్నుంచి ఒక మాట వినబడుతుంది. "అమ్మా నాన్నా వస్తున్నారు కదా, ఈసారి హోటళ్లు వద్దనుకున్నాం. ఆర్వీ, అదే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ పార్కు చూపిస్తాం." విన్నప్పుడల్లా నాకు సంతోషమూ వేస్తుంది, కాస్త గుబులూ పుడుతుంది. కన్నవాళ్లను వెంటబెట్టుకుని తిప్పాలన్న బుద్ధి మీకుంది, అందుకు సంతోషం. మీకు తీరిక లేదు, అదీ గుబులు. ఐదు రోజులు సెలవు పెట్టి, దానికి అటొక శని ఆదివారాలు, ఇటొక శని ఆదివారాలు అతికించి, తొమ్మిది రోజుల్లో ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, వీలైతే గ్లేషియర్, వస్తూ వస్తూ మౌంట్ రష్మోర్ అని రాసేసుకుంటారు. నడపబోయే బండిని మాత్రం ఇంకా కంటితో చూసి ఉండరు. ఈలోపు నాన్న ఊళ్లో అందరికీ చెప్పేసి ఉంటాడు, మావాడు సినిమా హీరోల బండి మాట్లాడాడని.

కాస్త కూర్చుని వినండి. వెళ్లొద్దని నేననను. తప్పకుండా వెళ్లండి. కానీ మొదటిసారి దగ్గరికి వెళ్లండి, కొంచెమే తిరగండి, పొద్దుండగా చేరండి. నేను చెప్పేది ఈ మూడు ముక్కలే. మిగతాదంతా వీటి చుట్టూ తిరిగేదే.

కొత్త ఎద్దును కాడికి కట్టి నేరుగా సంతకు తోలుకెళ్లే రైతును నేనెక్కడా చూడలేదు. ముందు ఖాళీ బండికి కట్టి ఊరి చుట్టూ నాలుగు రోజులు తిప్పుతాడు. దాని నడక తెలిశాకే బరువెక్కిస్తాడు. మీరేమో 30 అడుగుల బండిని పొద్దున తీసుకుని, పెద్దవాళ్లిద్దర్నీ పిల్లలిద్దర్నీ ఎక్కించి, మధ్యాహ్నానికల్లా రాకీ పర్వతాల్లోకి తోలుతామంటారు. అక్కడి చట్టం కూడా మిమ్మల్ని ఆపదు, అద్దెకిచ్చే ఆర్వీలు చాలావాటికి మామూలు కారు లైసెన్సే చాలు. లైసెన్సు ఉన్నంత మాత్రాన చెయ్యి తిరుగుతుందా?

డాలస్‌లో ఉన్నవాళ్లు టెక్సోమా సరస్సు ఒడ్డున రెండు రాత్రులుండి రండి. వర్జీనియాలో ఉన్నవాళ్లకు షెనండోవా పార్కు ఉండనే ఉంది. అక్కడి స్కైలైన్ డ్రైవ్ 105 మైళ్లు, గంటకు 35 మైళ్లకు మించి పోనివ్వరు. కొత్త చేతికి అంతకన్నా మంచి దారి ఏముంటుంది? ఇలా దగ్గర్లో అయితే, ఏదన్నా మర్చిపోయినా ఫోన్ చేసి ఇంటి నుంచి తెప్పించుకోవచ్చు, మరీ నచ్చకపోతే వెనక్కి వచ్చేయొచ్చు. వెయ్యి మైళ్ల అవతల ఆ వీలుండదు.

ఆ స్కైలైన్ డ్రైవ్ మీద మేరీస్ రాక్ అని ఒక సొరంగం ఉంది, ఎత్తు 12 అడుగుల 8 అంగుళాలు. ఎత్తు సంగతి ఎందుకు ఎత్తానంటే, బుద్ధెరిగిన దగ్గర్నుంచి మీరు నడిపినవి కార్లే. తలపైన ఏముందో చూసే అలవాటు మీ కంటికి లేదు. నార్త్ కరొలైనాలో డరమ్ అని, మనవాళ్లు బోలెడంతమంది ఉండే ప్రాంతమే, అక్కడొక రైలు వంతెన ఉంది. దాని కింద ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు ఉండేది. బోర్డులు పెట్టారు, దీపాలు పెట్టారు. అయినా ఏళ్ల తరబడి అద్దె ట్రక్కులూ ఆర్వీలూ వచ్చి దాన్ని గుద్దుకుని పైకప్పులు ఒలిపించుకున్నాయి. చివరికి 2019లో వంతెననే 8 అంగుళాలు పైకెత్తారు. ఆ తర్వాతా గుద్దేవాళ్లు గుద్దుతూనే ఉన్నారు. వాళ్లకు బోర్డు కనపడలేదని నేననుకోను. కబుర్లు చెప్పుకుంటూ పోయే మనిషికి, తాను నడుపుతున్నది కారు కాదన్న సంగతి ఆ క్షణంలో గుర్తుండదు, అంతే.

అందుకని తాళాలు చేతికిచ్చేటప్పుడే బండి ఎత్తెంత, పొడవెంత, వెడల్పెంత అని అడిగి, చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగు పక్కన అంటించండి. పెట్రోలు బంకు కప్పు కిందికి వెళ్లేముందు ఆ చీటీ చూడండి. కాఫీ కావాలంటే దిగి నడిచెళ్లి తెచ్చుకోండి, డ్రైవ్-త్రూ కిటికీ దగ్గరికి బండిని తీసుకెళ్లకండి. పొడవు కూడా చిన్న విషయమేం కాదు. గ్లేషియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు అని అంత అందంగా చెప్పుకుంటారే, ఆ కొండ భాగంలోకి 21 అడుగులకు మించిన బండిని రానివ్వరు. కాగితం మీద ఆ పేరు రాసుకున్నప్పుడు ఈ సంగతి చూశారా?

ఇంకోటి, ఈ బండి వెనక చక్రాల తర్వాత కూడా చాలా పొడుగు ఉంటుంది. మీరు కుడికి తిప్పితే ఆ తోక ఎడమకు విసురుతుంది. బంకులో స్తంభం పక్కన ఆపి, పెట్రోలు పోయించుకుని, అలవాటుగా చటుక్కున తిప్పారనుకోండి, వెనక కర్రుమంటుంది. కాస్త ముందుకు పోనిచ్చి, ఆ తర్వాత మెల్లిగా తిప్పాలి. ఇదంతా నోటితో చెప్తే వచ్చే విద్య కాదు. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉన్న ఏదైనా పెద్ద పార్కింగు స్థలంలో ఒక గంట తిప్పి చూడండి. ముందుకి, వెనక్కి, మలుపులు. ముఖ్యంగా వెనక్కి.

వెనక్కి నడపడం దగ్గరే ఇళ్లల్లో గొడవలు మొదలవుతాయి. నువ్వు స్టీరింగు దగ్గర, మీ ఆవిడ వెనక నిలబడి "రా, రా, ఆపు, ఆపమన్నానా" అంటుంది. నీకు వినబడదు. పక్క బండ్లవాళ్లు కుర్చీలు వేసుకుని చూస్తుంటారు. ఇంతలో నాన్న నేనున్నానంటూ దిగి సరిగ్గా బండి వెనక, నీకు కనపడని చోట నిలబడతాడు. ఆయన ఊళ్లో ట్రాక్టర్లకు దారి చూపించిన మనిషి, ఆగమంటే ఆగడు. కాబట్టి ముందే చెప్పి పెట్టుకోండి. దారి చూపేది ఒక్కరే, చేతి సైగలు ముందే అనుకోవాలి, ఆ ఒక్కరు అద్దంలో కనపడకపోతే బండి అక్కడికక్కడే ఆగాలి. మిగతావాళ్లంతా పక్కన చెట్టు కింద. నాన్న నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వు, రాత్రి భోజనాల దగ్గర సర్దిచెప్పుకోవచ్చు.

ఇప్పుడు దూరాల మాట. ఫోన్‌లో మ్యాపు చూపించే గంటలు కారువి. ఆర్వీకి అంతకు మూడోవంతు కలుపుకోవాలి. మధ్యలో పెట్రోలుకు ఆగాలి, ఈ బళ్లు గాలనుకు 8, 10 మైళ్లకు మించి ఇవ్వవు. 500 మైళ్లంటే 50 గాలన్ల పైమాటే, ఖర్చు లెక్క మీరే వేసుకోండి. అక్కడి పాతకాపులు మూడు మూళ్ల లెక్క ఒకటి చెప్పుకుంటారు: రోజుకు 300 మైళ్లు మించొద్దు, మధ్యాహ్నం 3 గంటలకల్లా దిగిపోవాలి, ఒక్కోచోట 3 రాత్రులుండాలి. బాగా అలవాటైనవాళ్ల లెక్క అది. మీకు మొదటిసారి కనుక నేను 200 మైళ్లే అంటాను. డాలస్ నుంచి ఎల్లోస్టోన్ దాకా నడుపుకుంటూ పోవడమెందుకు? సాల్ట్ లేక్ సిటీకి విమానంలో వెళ్లి అక్కడ బండి తీసుకుంటే వెస్ట్ ఎల్లోస్టోన్ 320 మైళ్లు. దాన్ని కూడా రెండు రోజులు చేసుకోండి.

దారిలో రెంటితో జాగ్రత్త, గాలితోనూ దిగుడుతోనూ. వ్యోమింగ్‌లో ఐ-80 మీద గాలి ముదిరిన రోజుల్లో ఎత్తుగా ఉండి తేలికగా ఉండే బళ్లను రోడ్డెక్కనివ్వరు. ఎక్కనిచ్చినా, పక్క గోడకు గాలి కొట్టి స్టీరింగు చేతిలో గుంజుకుంటుంటే ఆ రోజుకి ఆగిపోండి. ఒక రోజు పోతే ఏం పోయింది? ఇక కొండ దిగేటప్పుడు, తిరుమల ఘాటులోనో శ్రీశైలం ఘాటులోనో మన ఆర్టీసీ డ్రైవర్లను గమనించారా? బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోరు. తక్కువ గేరులో వేసి ఇంజనుతోనే బస్సును పట్టి ఉంచుతారు. మీది ఆటోమేటిక్ అయినా కింది గేరులో పెట్టే వీలుంటుంది. అది ఎక్కడుందో కొండెక్కక ముందే చూసుకోవాలి. పొడుగూతా బ్రేకు తొక్కుకుంటూ దిగితే అది వేడెక్కి, అవసరమైనప్పుడు పట్టదు.

సరే, పొద్దుండగా చేరమని ఎందుకు ఇంతగా అంటున్నానో చెప్పనివ్వండి. హోటలుకి రాత్రి పదకొండింటికి చేరినా తాళం చేతికిస్తారు, పోయి పడుకుంటారు. ఆర్వీలో చేరాకే పని మొదలవుతుంది. చీకట్లో మీ స్థలం నంబరు వెతుక్కోవాలి. చెట్ల మధ్య వెనక్కి పెట్టాలి. బండి ఒక పక్కకు వాలకుండా చక్రాల కింద దిమ్మలు పెట్టి సమం చెయ్యాలి, లేకపోతే రాత్రంతా తలకు నెత్తురు దిగినట్టుంటుంది. కరెంటు తగిలించాలి, నీళ్ల గొట్టం తగిలించాలి. ఎల్లోస్టోన్ లోపల కరెంటూ నీళ్లూ మురుగూ తగిలించుకునే వసతి ఫిషింగ్ బ్రిడ్జి దగ్గర మాత్రమే ఉంది, మిగతా చోట్ల బండిలో ఉన్నదానితోనే సరిపెట్టుకోవాలి. జనరేటరు వేసుకుందామంటే సాధారణంగా రాత్రిపూట వెయ్యనివ్వరు. పిల్లలు ఆకలని ఏడుస్తుంటారు. అమ్మ చీకట్లో ఆ చిన్న మెట్టు మీద కాలు పెట్టి దిగబోతుంది. చూశారా, ఏ ఒక్కటీ పెద్ద కష్టమేం కాదు. అన్నీ చీకట్లో, అలసిపోయాక, ఒకేసారి మీద పడతాయి. పొద్దుండగా చేరితే ఇవే పనులు నవ్వుకుంటూ చేసుకుంటారు.

మనకేమీ ఇది కొత్త విద్య కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసు నుంచి బయల్దేరి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. పల్లకీ, బోయీలు, గుడారాలు, వందమంది దాకా పరివారం. కోర్టులో ఇంటర్‌ప్రెటరు ఉద్యోగం చేసిన మనిషి, లెక్క తెలిసినవాడు. ఆయన యాత్రా చరిత్ర తీసి చూడండి, మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయింది ఏమిటో. ఫలానా ఊళ్లో నీళ్లు ఎలా ఉన్నాయి, దుకాణాలున్నాయా, దిగడానికి చోటుందా, దారి ఎలాంటిది. క్షేత్రాల సంగతి, దేవుళ్ల సంగతి ఎటూ రాశాడు. కానీ తన వెనక వచ్చేవాళ్లకు ముందు కావలసింది నీళ్లూ దిగే చోటూ అని ఆయనకు తెలుసు. మీరు కూడా చూడబోయే జలపాతాల పట్టిక పక్కనపెట్టి, ముందు ఏ రాత్రి ఎక్కడ, అక్కడ నీళ్లున్నాయా, కరెంటుందా, మురుగు ట్యాంకు ఖాళీ చేసే చోటు ఎంత దూరం అని రాసుకోండి.

ఇక అసలు మాటకొస్తాను. అమ్మ, నాన్న.

అద్దెవాళ్ల కాగితంలో ఆరుగురు పడుకోవచ్చని రాసి ఉంటుంది. పడుకోవచ్చు, కానీ ఎక్కడ? ఒక పడక డ్రైవరు తలపైన, నిచ్చెన ఎక్కి దూరాలి. ఇంకోటి భోజనాల బల్లను కిందికి దించి పరుపు వేస్తే వచ్చేది. వెనకాల ఉన్నదే అసలు మంచం. అది మీ గదని ముందే అనేసుకున్నారా? మోకాళ్ల నొప్పులున్న మనిషి రాత్రి రెండుసార్లు లేస్తుంది, ఆ మంచం ఆమెది. బల్ల మడిచిన పడక మీది.

మరుగుదొడ్డి పడకకు అడుగు దూరంలో ఉంటుంది, మధ్యలో పలచటి తలుపు. మీకు తమాషాగా ఉంటుంది. కోడలి ముందో అల్లుడి ముందో అందులోకి వెళ్లాలంటే పెద్దవాళ్లకు ప్రాణం చచ్చిపోతుంది. నోరు తెరిచి చెప్పరు. ఏం చేస్తారో తెలుసా? నీళ్లు తాగడం మానేస్తారు. "దాహం లేదురా" అంటారు. ఎల్లోస్టోన్ చాలాభాగం ఏడు వేల ఐదొందల అడుగుల పైన ఉంది, గాలి పొడిగా ఉంటుంది, బీపీ మాత్రలు వేసుకునే మనిషి రోజంతా నీళ్లు తాగకపోతే కళ్లు తిరుగుతాయి. అప్పుడు మీరు కంగారుపడి ఏం తిన్నావమ్మా అని అడుగుతారు. కాబట్టి అడక్కుండానే ఆపండి. గంటన్నరకోసారి ఎక్కడో ఒకచోట బండి ఆపి, మీరే దిగి నడుము సాగదీసుకోండి. వాళ్లూ దిగుతారు. దారి పొడుగునా ఉండే విశ్రాంతి స్థలాల్లో మంచి మరుగుదొడ్లున్నాయి, వాటిని వాడుకోనివ్వండి. మాత్రల డబ్బా పెట్టె అడుగున కాకుండా చేతికందేచోట ఉంచండి. విజిటర్ ఇన్సూరెన్సు కాగితం ఒకటి ఫోన్‌లో, ఒకటి నాన్న జేబులో.

బండి కదులుతుంటే ఎవరూ లేవకూడదు, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. వెనక పొయ్యి కనిపిస్తుంటే అమ్మ చెయ్యి ఊరుకోదు. "నువ్వు నడుపు నాయనా, నేను టీ పెడతా" అంటుంది. వద్దు. బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. టీ తాగాలనిపిస్తే బండి ఆపి, కిటికీ తీసి, అప్పుడు వెలిగించాలి. పెట్రోలు పోయించుకునేటప్పుడు గ్యాస్ కట్టేసి ఉండాలి.

నీళ్ల దగ్గర మాత్రం మీకన్నా మీ అమ్మే మేలు. మంచినీళ్ల ట్యాంకు 30, 40 గాలన్లు, అంటే 115 నుంచి 150 లీటర్ల దాకా. మీరు ఇంట్లో షవరు కింద పది నిమిషాలు నిలబడితే అందులో సగం అయిపోతుంది. వేడినీళ్ల బాయిలరు చాలా బళ్లలో 6 గాలన్లే, మన బకెట్టు నిండి పైన నాలుగు చెంబులు. చెంబుతో పోసుకునే స్నానం, ఒక గిన్నెడు నీళ్లతో అన్ని గిన్నెలూ తొలిచే నేర్పు ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్నవే. ఆ శాఖ ఆమెకు అప్పగించండి. పిల్లలకు చెప్పనివ్వండి. రెండు రోజుల్లో చూడండి, బండిలో పెత్తనం ఎవరిదో!

వాడిన నీళ్లు రెండు ట్యాంకుల్లోకి పోతాయి. సింకువీ స్నానానివీ ఒకదాంట్లో, మరుగుదొడ్డిది ఇంకోదాంట్లో. మనది నీళ్లు వాడే అలవాటు కాబట్టి రెండోది అనుకున్నదానికన్నా త్వరగా నిండుతుంది, రోజూ చూసుకోవాలి. ఆ ట్యాంకుకు నీళ్లు మంచివే, కాగితం ఎక్కువైతేనే చేటు. దాని వాల్వు తెరిచి వదిలెయ్యకండి, నీళ్లు జారిపోయి గట్టిది అడుగున పేరుకుంటుంది. ఖాళీ చేసేటప్పుడు ముందు మరుగుదొడ్డి ట్యాంకు, తర్వాత సబ్బునీళ్లది, అప్పుడు గొట్టం కూడా కడుక్కుపోతుంది. చేతులకు తొడుగులు వేసుకో. తాగే నీళ్ల గొట్టాన్ని ఆ ఛాయలకు రానివ్వకు. ఈ పని నాన్నతో చేయించకు, ఆయన ముందుకొస్తాడు, అయినా సరే.

కరెంటు మామూలుగా 30 ఆంపియర్లది ఉంటుంది, మొత్తం 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవు, ఇన్‌స్టంట్ పాట్ ఒకేసారి వేస్తే బండంతా చీకటి. ఒకదాని తర్వాత ఒకటి. ఎల్లోస్టోన్ ఎత్తులో నీళ్లు దాదాపు 92 డిగ్రీలకే మరిగిపోతాయి, ఉత్త గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. కుక్కరు పట్టుకెళ్లండి.

భోజనం అయ్యాక బయట బల్ల మీద ఏమీ వదలకండి. పచ్చడి సీసా, నూనె చుక్క, అన్నం మెతుకు, ఏదీ. ఎలుగుబంట్లు తిరిగే చోటది. ఆ ఫిషింగ్ బ్రిడ్జి దగ్గర గుడ్డ గుడారాలు వెయ్యనివ్వకపోవడం వాటివల్లే. అడవిదున్నలు రోడ్డు పక్కన గడ్డి మేస్తుంటే మన గేదెల్లా సాధువుగా కనబడతాయి, నాన్న పల్లెటూరి మనిషి, దగ్గరికి పోతాడు. 25 గజాల లోపలికి వెళ్లకూడదని నియమం. ఎలుగుబంటికీ తోడేలుకీ 100 గజాలు. ఆయన చెయ్యి పట్టుకునే ఉండండి.

పొద్దున బయల్దేరేముందు బండి చుట్టూ ఒకసారి తిరగండి. నిమ్మకాయలు తొక్కించారు సరే, టైర్లలో గాలి చూశారా? కరెంటు తీగ తీశారా, నీళ్ల గొట్టం తీశారా, మెట్టు లోపలికి మడిచారా, పందిరి గుడ్డ చుట్టారా, ఫ్రిజ్ తలుపు గడియ పడిందా? రోజూ ఒకే మనిషి, ఒకే వరసలో చూడాలి. ఇద్దరు చూస్తే ఒకరిమీద ఒకరు వదిలేస్తారు. మీ కారు ఇన్సూరెన్సు, క్రెడిట్ కార్డు ఇన్సూరెన్సు ఆర్వీకి చాలాసార్లు వర్తించవు, ముందే అడిగి రాయించుకోండి. బండి అప్పగించేవాడు చూపించేదంతా ఫోన్‌లో వీడియో తీసుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు ట్యాంకులు ఖాళీగా, ఊడ్చి శుభ్రంగా ఇవ్వాలి. ఆ రోజే విమానం పెట్టుకోకండి.

ముందు ఆ రెండు రాత్రులు దగ్గరికి వెళ్లి రండి. బండి నడక మీకు తెలుస్తుంది, మీ నడత పిల్లలకు తెలుస్తుంది. ఎల్లోస్టోన్ 1872 నుంచి అక్కడే ఉంది, తర్వాత మాట్లాడుకుందాం. చోట్లు మాత్రం నెలల ముందే అయిపోతాయి కాబట్టి తేదీలు చూసి పెట్టుకోండి. ఈలోపు అమ్మకు ఫోన్ చేసి మోకాళ్లు ఎలా ఉన్నాయో అడుగు. బాగానే ఉన్నాయిరా అంటుంది. ఆ మాట నమ్మకు, నాన్నను అడుగు. ఎంత పొడుగు బండి మాట్లాడాలో, రోజుకు ఎన్ని మైళ్లు పోవాలో అప్పుడు లెక్క వేద్దాం.